కాలు కింద పెట్టకుండా

ఆ ఏడు ఎండలు ఇంకా ముదరకముందే రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ ఇంజన్ కిందికి దించాను. ఉగాది దాటాక ఏటా చేసే పనే అది. వరండాలో పాత గోనెసంచులు పరిచి, వాటి మీద ఇంజన్ పెట్టుకుని, ఒక్కో బోల్టూ ఊడదీసి డీజిల్ గిన్నెలో వేసుకుంటూ కూర్చుంటాను. చంద్రపూర్ లాల్‌పేట్‌లో మా వీధి ఆడవాళ్లకు అది వింతగా కనిపించడం మానేసి చాలా ఏళ్లయింది. వాళ్లు వాళ్ల మిరపకాయలు ఎండబెట్టుకుంటారు, నేను నా ఇంజన్ విప్పుకుంటాను. ఎవరి పని వాళ్లది.

ఈ పని నాకు మా నాన్న అంజన్న దగ్గర వచ్చింది. రాజురా బస్టాండు వెనక ఆయనకు స్కూటర్లూ మోపెడ్లూ బాగుచేసే షాపు ఉండేది. అమ్మ లేని పిల్లనని బడి అయిపోగానే అక్కడే కూర్చోబెట్టుకునేవాడు. పానాలు అందిస్తూ అందిస్తూ చివరికి నేనే పట్టుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన రాయమల్లు మొదటిసారి ఆ షాపుకే వచ్చాడు, ఈ బండి తోసుకుంటూ. అప్పుడే బొగ్గుగనిలో ఉద్యోగం దొరికింది ఆయనకు. క్లచ్చి కాలిపోయి వాసన కొడుతోంది. నాన్న ఊళ్లో లేడు. నేనే విప్పి చూపించాను. రోడ్డు మీద తిరిగే బండికి క్లచ్చి ఇంతలా ఎందుకు కాలుతుందని అడిగితే, రోడ్డు మీద తోలనని చెప్పాడు.

దాన్ని ట్రయల్స్ అంటారట. వేగంతో పనిలేని ఆట. రాళ్ల మీద, గుంతల్లో, ఏటవాలు గట్ల మీద బండిని మెల్లగా ఎక్కించి దింపాలి, కాలు మాత్రం నేలకు తగలకూడదు. తగిలిందంటే మార్కు పోయినట్టే. సీటు మీద కూర్చోవడం ఉండదు, నిలబడే తోలాలి. అందుకోసం రాయమల్లు ఆ బండిని సగం మార్చేశాడు. సైలెన్సర్ పైకెత్తి కట్టించాడు. సీటు పీకేసి బెత్తెడు దిండు బిగించాడు. వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం వేయించాడు. పెళ్లయ్యాక ఆ బండి నా చేతికొచ్చింది. ఆయన తోలేవాడు, నేను బాగుచేసేదాన్ని.

శనివారం సాయంత్రం నేను ప్లగ్గు తుడిచి, గొలుసుకు నూనె పెట్టి, టైర్లలో గాలి తగ్గించి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పెట్టేదాన్ని. ఆదివారం తెల్లవారగానే ఆయన విసాపూర్ వెళ్లేవాడు. ఊరి బయట ఎప్పుడో మూసేసిన రాతి గని ఒకటుంది. అక్కడ ఆయనా, ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే వినాయక్, ఇంకో నలుగురైదుగురూ కలిసేవాళ్లు. మధ్యాహ్నానికి బురద కొట్టుకుని వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని ఏ రాయి ఎలా ఎక్కాడో చెప్పేవాడు. నేను వినేదాన్ని. మిగిలిన వారమంతా మా ఇంట్లో మాటలు తక్కువ. మా అమ్మాయి ప్రతిభ నర్సు ఉద్యోగానికి నాగపూర్ వెళ్లిపోయాక, ఆయన రిటైరయ్యాక, ఇంకా తగ్గిపోయాయి. కూర వండాలా, పాలవాడు వచ్చాడా, కరెంటు ఎప్పుడొస్తుంది, అంతవరకే. నిండా మాట్లాడుకున్నామంటే అది ఆదివారం మధ్యాహ్నమే.

ఆ రోజు క్లచ్చి మూత తీసి చూశాను. రాయి ముందు ఆగి, క్లచ్చి సగం పట్టి, అంగుళం అంగుళం కదిలే బండికి ముందుగా అరిగేవి క్లచ్చి ప్లేట్లే. ఏడాది తిరిగేసరికి వాటి మీది కార్కు నల్లగా మాడి, గోటితో గీరితే పొడి రాలుతుంది. ఈసారి రాలలేదు. నిరుడు నేను వేసినప్పటి రంగు కూడా పోలేదు వాటికి. నాగపూర్ షాపువాడు మంచి సరుకు ఇచ్చాడనుకున్నాను. తర్వాత హెడ్ విప్పాను. పిస్టన్ మీద మసి పలచగా, పొగ పట్టిన గాజులా ఉంది. దాన్నీ ఏదో అనుకుని పక్కన పెట్టాను. చివరికి ఇంజన్ కింద బిగించే ఇనుప రేకు చేతిలోకి తీసుకున్నాను. రాళ్లకు తగిలి ఇంజన్ పగలకుండా ఉండటానికి వేసే రేకు అది. నిరుడు వేసవిలో దానికి ఆకుపచ్చ రంగు వేశాను. ఆ రంగు మీద ఒక్క గీత లేదు.

ఎంత చేయి తిరిగినవాడైనా ఆ రేకు గీసుకోకుండా రాయి దిగలేడు. దాన్ని తిప్పి తిప్పి చూశాను. నీళ్లతో కడిగి, పైటకొంగుతో తుడిచి, ఎండలోకి తీసుకెళ్లి మళ్లీ చూశాను. లోపల కూలర్ చప్పుడు, దాని ముందు ఆయన నిద్ర. వారం వారం వెళ్తున్నాడు. వారం వారం బురదతో వస్తున్నాడు. బండి మాత్రం ఏడాదిగా రాయి ముఖం చూడలేదు.

అన్నాల దగ్గర మామూలుగానే అడిగాను.

"నిరుడు వానలల్ల గా పెద్దరాయి ఎక్కినవా?"

ఆయన ముద్ద కలుపుతూ తలెత్తాడు. "ఎక్కిన. వాన పడ్డంక జారుడు ఉంటది గద, రెండో గేర్ల పోయిన. మీదికి పోయినంక ముంగటి చక్రం లేసింది. కింద వినాయక్ గజ్జుమన్నడు."

కళ్లు మెరిశాయి ఆయనకు చెబుతుంటే. ఆ మాటలు నేను ఇంతకుముందు విన్నాను. ప్రతిభ పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇదే రెండో గేరు, ఇదే ముందు చక్రం, వినాయక్ ఇలాగే భయంతో గజ్జుమనడం. ఇప్పుడాలోచిస్తే ఈమధ్య చెప్పినవన్నీ నేను ఎప్పుడో విన్నవే. ఒకప్పుడు ఫోన్లో వీడియోలు చూపించేవాడు. ఫోను నిండిపోయిందని చెప్పి అవి చూపించడం మానేశాడు. నేను వేళ్లకంటిన మసి పోలేదన్నట్టు చేతులు రుద్దుకుంటూ లేచిపోయాను.

ఏ ఆడదానికైనా వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఈ వయసులో ఎవరి ఇంటికి వెళ్తాడు, ఎవరు రానిస్తారు అనుకుని నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన చొక్కాలు ఉతికేటప్పుడు వాసన చూశాను. చెమటా బురదా తప్ప ఇంకే వాసనా లేదు. ప్రతిభ ఫోన్ చేస్తే చెబుదామనుకున్నాను, కానీ ఏమని చెప్పాలి? మీ నాయిన బండి అరగడం లేదని చెబితే, మంచిదే కదమ్మా అంటుంది.

నాగపూర్ నుంచి ఆయిల్ సీళ్లు రావడం ఆలస్యమైంది. పాత బండి, సామాను దొరకడం కష్టం. ఇంతకుముందైతే ఆయన రోజూ అడిగేవాడు, ఎప్పుడైతది, ఈ ఆదివారానికి అందుతదా అని. ఈసారి అడగలేదు. ఇంజన్ విప్పి ఉన్నన్నాళ్లూ ఆదివారాలు ఇంట్లోనే ఉండి, ఆలస్యంగా లేచి, పేపరు చూస్తూ, కీరదోస కోసుకుని ఉప్పు చల్లుకుని తింటూ హాయిగా కనిపించాడు. వేసవి సెలవులిచ్చిన బడిపిల్లాడిలా ఉన్నాడనిపించింది. సీళ్లు వచ్చాక నేను కావాలనే ఇంకొన్నాళ్లు నాన్చాను. ఎంతకాలం నాన్చుతాను?

ఇంజన్ ఎక్కించి కిక్కు కొట్టిన రోజు వరండా అంతా నీలిపొగ కమ్ముకుంది. పిస్టన్‌కు కొత్త రింగులు కదా, కాసేపు బరువుగా తిరిగి, తర్వాత టకటకమని కుదురుకుంది. చప్పుడు విని ఆయన బయటికి వచ్చాడు. ట్యాంకు మీద చెయ్యి వేసి, "మంచిగైంది" అన్నాడు. నవ్వాడు కూడా. సెలవులు అయిపోయినవాడి నవ్వు అది.

ఆ ఆదివారం ఆయన వెళ్లాక కాసేపు ఆగి, తలకు స్కార్ఫ్ చుట్టుకుని నా స్కూటీ తీశాను.

విసాపూర్ రాతి గని దగ్గరికి నేను వెళ్లి చాలా ఏళ్లయింది. తెల్లటి రాతిపొడి అంతా. గట్టు మీద రెండు మూడు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. ఎవరో కుర్రవాడు కింద గుంతలో బండితో కుస్తీ పడుతున్నాడు. గొడుగు పట్టుకుని మార్కులు వేస్తున్న వినాయక్ నన్ను చూసి గొడుగు ముడిచేశాడు. పాతికేళ్లుగా మా తెలుగువాళ్లతో తిరుగుతున్నా ఆయన తెలుగులో మరాఠీ వినిపిస్తూనే ఉంటుంది. నన్ను వహినీ, అంటే వదినా, అంటాడు.

"రాయమల్లు రాలేదా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

వినాయక్ నా వెనక రోడ్డు వైపు చూశాడు. గుంతలో కుర్రవాడి వైపు చూశాడు. ఆఖరికి నన్ను పక్కనున్న రేకుల షెడ్డు నీడలోకి రమ్మని, కూర్చోమని రాయి చూపించాడు.

"వహినీ, రాయమల్లు రాక ఏడాదయింది."

రిటైరయిన కొత్తల్లో జరిగిందట. అందరితోపాటు పెద్దరాయి ముందుకు వచ్చాడు, ఆగాడు. ఇంజన్ ఆపేశాడు. కిందికి దిగి బండి పట్టుకుని నిలబడ్డాడు. ఏమైందని వినాయక్ పరుగెత్తుకెళ్లాడు.

"ఏం కాలే. పడలే, దెబ్బ తగల్లే. కాళ్లు వణుకుతున్నయ్ వినాయక్ అన్నడు, బస్. అంతే. మేం ఎవరం నవ్వలే. మళ్ల వారం వచ్చిండు, మళ్ల గట్లనే. తర్వాత ఊకె వచ్చి కూసుండేది. తర్వాత అది గూడ బంద్."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొడుగు మొనతో రాతిపొడిలో గీతలు గీశాడు వినాయక్.

"ఒద్దన్నడు. ఇంట్ల చెప్పకు అన్నడు. ఆమె గా బండి కోసమే బతుకుతది, నేను తోలుతలేనని తెలిస్తే ఆమెకేం మిగుల్తది, అన్నడు."

ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. నాకేం మిగులుతుందో ఆయనే లెక్క తేల్చుకున్నాడు. ఆ బండి అంటే నాకు విసుగొచ్చి ఎన్నేళ్లయిందో ఆయనకు తెలియదు. పెట్రోలు వాసనతో శనివారం రాత్రి అన్నం సహించదు. వేళ్ల కణుపులు ఉబ్బి, చలికాలం పానా పట్టుకుంటే ప్రాణం పోతుంది. నాన్న పోయిన ఏడే మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆయన ఏమైపోతాడో అనుకున్నాను. గని లేదు, పిల్ల ఇంట్లో లేదు, ఉన్నది ఆ ఒక్క బండే కదా, అదీ లేకపోతే మనిషి కూలబడిపోతాడని ఓర్చుకుంటూ వచ్చాను. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఆ ఇనుప ముక్కను మోస్తూ వచ్చామన్నమాట, ఒకరికొకరం చెప్పుకోకుండా.

ఆయన ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నాడో వినాయక్‌కు తెలియదు. నేను వచ్చినట్టు చెప్పవద్దని మాట తీసుకుని బయల్దేరాను.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు వదిలి, ఎండకు భయపడి, బొగ్గుగనుల మట్టిదిబ్బల వెనక నుంచి వచ్చే దగ్గరి దారి పట్టాను. అక్కడ గనిలోంచి తోడి వదిలే నీళ్లు కాలువలా పారుతుంటాయి. ఎండాకాలం కూడా ఆగవు. దాని మీద చిన్న మోరీ, కల్వర్టు లాంటిది, పక్కన నాలుగు తుమ్మచెట్లు. రాజ్‌దూత్ ఎర్ర ట్యాంకు దూరం నుంచే కనిపించింది.

బండి ఆపేసి దిబ్బ మలుపు దగ్గరే నిలబడ్డాను.

మోరీ గోడ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నీళ్ల సీసా. ఎవరితో మాట్లాడటం లేదు, ఫోను చూడటం లేదు. నీళ్ల వైపు చూస్తున్నాడు, అంతే. అలా ఎంతసేపు ఉన్నాడో, నేను ఎంతసేపు చూశానో. తర్వాత లేచాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని కాలువలోకి దిగి, దోసిలితో బురద ఎత్తి తెచ్చి బండి చక్రాలకు కొట్టాడు. మడ్‌గార్డు మీద కొంచెం, సైలెన్సర్ మీద కొంచెం. వెనక్కి అడుగు వేసి, తల వంచి చూసుకుని, ఇంకో దోసెడు తెచ్చి ఇంజన్ కింద పూశాడు. చేతులు కడుక్కున్నాడు. ఆఖర్న ప్యాంటు మడతలు దించి, వేళ్లతో దాని మీదా బురద చిలకరించుకున్నాడు.

విసాపూర్ రాతిపొడి తెల్లగా ఉంటుంది. ఈ కాలువ బురద నలుపు. ఏడాదిగా ఆ ప్యాంట్లు ఉతికింది నేనే, ఆ బండి కడిగింది నేనే. ఇంజన్ విప్పితే గానీ నాకు కనబడలేదు.

దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వెళ్లలేదు. ఆ బురద చేతులతో ఆయన నన్ను చూస్తే ఇక ఆయనకు దాక్కోవడానికి ఎక్కడా చోటుండదనిపించింది. స్కూటీని స్టార్టు చేయకుండా కొంత దూరం తోసుకుంటూ వెళ్లి, తర్వాత ఎక్కాను.

ఇంటికి ముందుగా చేరి పప్పు పోపు పెట్టాను. ఆయన వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. కొత్త రింగులతో ఇంజన్ ఎంత బాగా లాగిందో చెప్పాడు. ఇంకో ఏడు ఢోకా లేదన్నాడు. నేను పప్పు వడ్డిస్తూ, కాలు పెట్టావా అని అడిగాను.

"ఒక్కపారి పెట్టిన," అన్నాడు. "గుంతల దిగంగ. కొద్దిల తప్పింది."

అబద్ధంలో కూడా తనకు పూర్తి మార్కులు వేసుకోలేదు. మజ్జిగ తెస్తానని వంటింట్లోకి వెళ్లి అక్కడే నిలబడ్డాను.

మే నెలంతా మాడిపోయింది. చంద్రపూర్ ఎండ సంగతి చెప్పేదేముంది, గోడలు కూడా సెగలు కక్కుతాయి. కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుని ఇద్దరం ఒకే గదిలో పడి ఉండేవాళ్లం. కూలర్ చప్పుడు వల్ల మాట్లాడుకోవడం లేదన్నట్టు ఉండేది. శనివారం వచ్చేది, నేను బండి తయారుచేసేదాన్ని. ఆదివారం వచ్చేది, ఆయన వెళ్లేవాడు. ఆ ఎండలో మోరీ మీద కూర్చుని ఉంటాడని తెలిసి పంపడం ఎంత కష్టమో పంపితే గానీ తెలియదు. సీసాలో నీళ్లకు బదులు సబ్జా షర్బత్ పోసి ఇచ్చేదాన్ని. అంతకంటే ఏం చేయాలో తోచేది కాదు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. కూలర్ ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆయన గడప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. చెప్పాలనుకున్నదేదో అప్పుడే చెప్పేయాలనిపించింది.

"నాతోని ఐతలేదయ్యా," అన్నాను. "చేతి ఏళ్లు పట్టేస్తున్నయ్. ఇగ గా బండి పని నేను చెయ్య. ఎవలకన్న ఇచ్చేద్దాం."

విసనకర్ర ఆగింది. "నిజంగనేనా?"

"నిజంగనే."

ఆయన వీధిలోకి చూశాడు. బాధపడతాడనుకున్నాను, వద్దంటాడనుకున్నాను.

"వినాయక్‌కు ఇద్దాం," అన్నాడు. "మంచిగ చూసుకుంటడు."

ఆ మాట ఎప్పటి నుంచో నాలుక మీద తయారుగా ఉన్నట్టు వచ్చింది.

వినాయక్ ఆవర్‌పూర్ నుంచి చిన్న టెంపో తీసుకుని వచ్చాడు. నా ముఖం వైపు చూడకుండా బండికి తాళ్లు కట్టాడు. రాయమల్లు చోకు ఎలా పట్టాలో, చలిలో ఎలా స్టార్టవుతుందో చెప్పబోయి మధ్యలో ఆగి, అవన్నీ ఆమెకే తెలుసు, ఆమెనే అడుగు అన్నాడు. పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలో నేను చెప్పాను. టెంపో మలుపు తిరిగేదాకా ఇద్దరం వాకిట్లో నిలబడ్డాం. తర్వాత ఆయన లోపలికి వెళ్లాడు. నేను వరండాలో పేరుకున్న నూనె మరక మీద సోడా చల్లి రుద్దాను. సగమే పోయింది.

ఇక అంతా బాగుపడుతుందనుకున్నాను. ఆయనకు అబద్ధమాడే పని తప్పింది, నాకు పానా పట్టే పని తప్పింది. కానీ తర్వాతి ఆదివారం తెల్లవారకముందే ఆయన లేచి కూర్చున్నాడు. స్నానం చేశాడు, ప్యాంటు వేసుకున్నాడు, చెప్పుల దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. పేపరు తెరిచి మూసేశాడు. వాకిలి తలుపు తీసేవాడు, వేసేవాడు. చారులో ఉప్పు ఎక్కువైందని విసుక్కున్నాడు. ఎన్నడూ అలా విసుక్కోని మనిషి. మళ్లీ ఆదివారమూ అంతే. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, అడగడానికి నా దగ్గరా ఏమీ లేదు. అబద్ధమైనా సరే, ఆ కబుర్లే మాకు వారానికి సరిపడేవి. అవీ పోయాయి.

అప్పుడు నాకు మెల్లగా బోధపడింది. మొదట నా కోసమే ఆ మోరీ మీద కూర్చున్నాడేమో. కానీ ఏడాదిలో అది ఆయన చోటయిపోయింది. ఆయనను విడిపిస్తున్నాననుకుని దానికి తాళం వేశాను. నా సంగతీ అంతే. శనివారం సాయంత్రం చేతులు ఊరికే ఉండేవి కావు. ఒకసారి బాగానే తిరుగుతున్న మిక్సీని మొత్తం విప్పేశాను. తుడిచి, మళ్లీ బిగించాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఎందుకని అడగలేదు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున ఆకాశం మబ్బు పట్టింది. గాలిలో ఎక్కడో వాన పడ్డ వాసన. ఆయన మళ్లీ తలుపు దగ్గరికి, మంచం దగ్గరికి తిరుగుతున్నాడు. చూడలేక నేనే అన్నాను, ఇంట్లో ఊరికే తిరిగే బదులు ఎటన్నా పోయి రారాదా అని. బండి లేదు కదా, ఎటు పోతానన్నాడు. నా స్కూటీ ఉందిగా అన్నాను. తాళంచెవి తీసుకుని, చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నువ్వు గూడ వస్తవా?" అన్నాడు.

నేను తోలాను, ఆయన వెనక కూర్చున్నాడు. దారి ఆయనే చెప్పాడు, ఎడమకు తిరగాలంటే ఎడమ భుజం తట్టి, కుడికైతే కుడి భుజం తట్టి. మట్టిదిబ్బల దగ్గర మలుపు రాగానే నేను తెలియనట్టు నేరుగా పోబోయాను. ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఆపాడు.

మోరీ గోడ మీద కూర్చున్నాం. ఒంటి గోడ, ఇద్దరికీ సరిగ్గా సరిపోయింది. కాలువలో తెల్లకొంగలు దిగి ఉన్నాయి. అవి పొద్దున్నే వస్తాయని, ఎండ ముదిరితే పోతాయని చెప్పాడు. ఇక్కడ చల్లగా గాలి వస్తుందన్నాడు. మట్టిదిబ్బల మీద మొలిచిన గడ్డిని చూపించాడు. ఇంటికి వచ్చిన చుట్టానికి గదులు చూపించినట్టు ఒక్కొక్కటే చూపించాడు. తర్వాత కొంగల వైపే చూస్తూ, గొంతు మారకుండా చెప్పాడు.

"నాకు భయమైంది కళా. రాయి ముంగట. ఏం కాలే, ఊకెనే భయమైంది."

తెలుసు అనే మాట నా నోటిదాకా వచ్చింది. వినాయక్ చెప్పాడని, ఈ దిబ్బ మలుపులోనే నిలబడి చూశానని. ఆయన ముఖం చూశాను. ఆ మాట చెప్పడానికి ఎన్నాళ్లు కూడబలుక్కున్నాడో. మింగేశాను.

"ఎప్పటిసంది?" అన్నాను.

రిటైరయినప్పటి నుంచి అని చెప్పాడు. కాళ్లు వణికిన సంగతి చెప్పాడు. గనిలో అన్నేళ్లు చీకట్లో తిరిగినా రాని భయం పట్టపగలు ఎందుకొచ్చిందో తెలియదన్నాడు. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు కూడా అప్పుడప్పుడు వస్తుందన్నాడు. ఆదివారాలు ఇక్కడికి వచ్చి కూర్చునేవాడినని చెప్పాడు. నేను బాధపడతానని చెప్పలేదన్నాడు. అన్నీ చెప్పాడు, బురద సంగతి తప్ప. అది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దుటి కొంగలు ఒకటొకటిగా లేచి వెళ్లిపోయాయి.

వాన మొదలైంది. మొదట కాలువ నీళ్ల మీద చుక్కలు కనిపించాయి, తర్వాత మా మీద పడ్డాయి. ఎండాకాలమంతా కాలిన మోరీ గోడ నుంచి ఆవిరి లేచింది.

ఆయన నా కుడిచెయ్యి తీసుకుని, అరచేయి బోర్లించి వేళ్ల కణుపులు చూశాడు. ఒక్కో కణుపూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"నిజంగ నొస్తున్నయా?" అన్నాడు. "చెయ్యొస్తలేదనేనా ఇచ్చేద్దామన్నది?"

నా ముఖం వైపు చూడకుండా అడిగాడు. ఆయనకు ఎంత తెలుసో నాకు ఆ క్షణాన తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

"నొస్తున్నయ్," అన్నాను.

ఆయన తల ఊపాడు. చెయ్యి వదల్లేదు. వాన పెద్దదయింది. చెట్ల కిందికి పోదామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.